దొర కోసం వేసిన బాట

మా ఊరివాళ్ళు మర్యాదస్తులని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మర్యాద చెడ్డదని నేను అనను. అది మా ఊళ్ళో ఉన్నంత ఉంటే మాత్రం చెడ్డదే. నా చదువును మింగింది వాగు అని చుట్టాలంతా అంటారు. వాగుకేం తెలుసు పాపం, అది నీళ్ళు వస్తే పారుతుంది, లేకపోతే ఎండుతుంది. మింగింది మా పెద్దమనుషుల మర్యాద.

మా ఊరు తాండూరుకు కొన్ని మైళ్ళ దూరం. మధ్యలో వాగు, అది పోయి కాగ్నాలో కలుస్తుంది. ఎండాకాలం ఆ వాగు దాటితే మేకపిల్ల గిట్టలు కూడా తడవవు. వానలు మొదలయ్యాయంటే దానికి దయ్యం పడుతుంది. ఎక్కడో పైన వాన పడి, మా నెత్తిన ఎండ కాస్తుండగానే బురదనీళ్ళు ఒడ్లు కోసుకుంటూ దూకి వస్తాయి. రైలు, దవాఖానా, సంత, కిరసనాయిలు అన్నీ అవతలి ఒడ్డున. మేమూ మా కందులూ జొన్నలూ గొర్రెలూ ఇవతలి ఒడ్డున. ఒక ఏడు సంత నుంచి వస్తున్న బండి కొట్టుకుపోయింది. తోలుతున్న మనిషి తుమ్మకొమ్మ పట్టుకొని బతికాడు. ఎడ్లు బతకలేదు.

ఊళ్ళో బడి ఐదో తరగతి దాకానే. పోలీసు యాక్షన్ అయ్యాక ఉర్దూ పోయి తెలుగు వచ్చిన బడి అది. అందులో కూర్చున్న కొద్దిమంది ఆడపిల్లల్లో నేనొకదాన్ని. మా పంతులు కోపిష్టి, కానీ నా మీద ఆశ పెట్టుకున్నాడు. నేను నాలుగో తరగతిలో ఉండగా ఒకరోజు సాయంత్రం మా ఇంటికి వచ్చి నాయినతో అన్నాడు.

“పటేలా, మీ బిడ్డకు చదువు మంచిగ వస్తున్నది. ఐదు అయిపోంగనే తాండూరు బడిల వెయ్యి. ఆపకు.”

నాయిన పెద్దరైతు. ఊళ్ళో పది మంది కూర్చుంటే మధ్యలో కూర్చునే మనిషి. ఆయన నా వంక చూశాడు, వాగు ఉన్న దిక్కు చూశాడు.

“వానకాలం ఎట్ల పోతది పంతులూ? వాగు మీద బిర్జి పడనీ. పడ్డనాడు నేనే కచ్చురం బండిల కూసోబెట్టి పంపిస్త. నా మాట అంటే మాటే.”

మగపిల్లలు తాండూరులో చుట్టాల ఇళ్ళల్లో ఉండి చదివేవాళ్ళు. ఆడపిల్లను ఒకరింట్లో ఉంచడం మా ఇంటా వంటా లేదు. కాబట్టి నాకు చదువంటే వంతెన, వంతెనంటే చదువు. ఆరోజు నుంచి నేను దేవుడికి దండం పెట్టుకున్నప్పుడల్లా అడిగింది సిమెంటూ ఇనుమూ.

అప్పుడే గ్రామసేవక్ అని ఒక కుర్రవాడు సైకిల్ మీద ఊళ్ళు తిరుగుతుండేవాడు. ఢిల్లీ నుంచి పైసలు వస్తున్నాయని, బాటలకూ బావులకూ బళ్ళకూ ఇస్తారని చెప్పాడు. సగం సర్కారుది, సగం ఊరిది. ఊరి సగం పైసలే కానక్కరలేదు, బండలు కొట్టినా, మన్ను మోసినా, బండ్లు కట్టినా లెక్కే. పంతులు దరఖాస్తు రాశాడు. పెద్దలంతా సంతకాలు, వేలిముద్రలు పెట్టారు. మా తాలూకా అప్పట్లో గుల్బర్గా జిల్లా కింద ఉండేది కాబట్టి దరఖాస్తు గుల్బర్గాకు పోయింది.

పోయింది పోయినట్టే ఉంది. ఇంతలో రాష్ట్రాలు మారాయి. గుల్బర్గా కన్నడ దిక్కు పోయింది, తెలుగువాళ్ళమని మమ్మల్ని ఇటు కలిపారు. మా దరఖాస్తు మాత్రం అటే ఉండిపోయింది. అది తెలుగులో రాసిందే, అయినా దాన్ని ఎవరూ ఇటు పంపలేదు. మళ్ళీ పంతులు రాశాడు, మళ్ళీ వేలిముద్రలు. ఈసారి నాయిన స్వయంగా రైలెక్కి వికారాబాదు వెళ్ళాడు. ఒకసారి కాదు. పొద్దున రైలుకు పోయి, ఆఫీసు వరండాలో నిలబడి, సాయంత్రం రైలుకు వచ్చేవాడు. “ఇయ్యాల సాబ్ లేడంట,” అనేవాడు. ఇంకోసారి, “సాబ్ ఉన్నడు గని కాయితం లేదంట.” ఊళ్ళో అందరినీ తన ముందు నిలబెట్టుకునే మనిషి అక్కడ నిలబడి వచ్చేవాడు. ఆ కోపం ఇంటికి వచ్చాక ఎడ్ల మీదా మా అమ్మ మీదా చూపించేవాడు.

నేను ఐదో తరగతి పరీక్ష రాసిన ఎండాకాలంలో కబురు వచ్చింది. బాట చూడడానికి పెద్ద ఆఫీసరు వస్తున్నాడు. ఆయన చూసి అవసరమని రాస్తే పైకి పోతుంది, పైకి పోతే ఢిల్లీ పైసలు వస్తాయి. నేను సంతోషంతో ఇంట్లో నిలవలేకపోయాను. తాండూరు బడికి వేసుకుపోవడానికి నా పాత లంగాకు అమ్మ చేత కింద పట్టీ కుట్టించుకున్నాను.

మర్నాడు పొద్దున్నే చావడిలో పెద్దలంతా కూర్చున్నారు. ఆడపిల్లలం మేము గోడ ఇవతల నుంచి విన్నాం. గ్రామసేవక్ ఒక సంగతి చెప్పాడు.

“బొంరాస్‌పేట దిక్కు ఒక ఊరికి పోయిండు సార్. బాట మంచిగ లేక జీపు గుంతల పడ్డది. ఇరుసు ఇరిగింది. సార్ మస్తు కోపానికొచ్చి నడుసుకుంట వాపస్ పోయిండు.”

అంతే. చావడి అంతా గుసగుసలాడింది. మన ఊళ్ళో అట్ల కానియ్యొద్దు అని ఒకరు, సార్‌కు తకలీఫ్ కావద్దు అని ఒకరు. చివరికి నాయిన లేచాడు.

“సార్ వచ్చేలోపల బాట సాపు చేద్దాం. వాగుల బండలు పరుద్దాం. జీపు కదలకుంట రావాలె. మన ఊరి ఇజ్జత్ సంగతి ఇది.”

ఒక్కరంటే ఒక్కరు కూడా, ఆయన వచ్చేది చెడ్డ బాటను చూడడానికే గదా అని అనలేదు. ఎందుకు అనలేదో నాకు చాలా ఏళ్ళ తర్వాత అర్థమైంది. అర్థమయ్యాక కోపం తగ్గలేదు, ఇంకా పెరిగింది.

నిజాం కాలంలో తాసీల్దారో ఇంకో పెద్ద అధికారో ఊళ్ళు తనిఖీ చేసే దౌరాకు వస్తున్నాడంటే ఊళ్ళో వెట్టి మొదలయ్యేది. ఆయన బండి కుదుపు తినకూడదు. ఇంటికొక మనిషి పోయి బాటలో గుంతలు పూడ్చాలి, ముళ్ళు ఏరాలి, దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లాలి. చల్లకపోతే కొరడా. కోళ్ళు, గొర్రెపిల్లలు, పాలు ఇవ్వాలి. ఇవ్వకపోతే మళ్ళీ కొరడా. నిజాం పోయాడు, కొరడా పోయింది. అధికారి వస్తున్నాడంటే బాట సాపు చెయ్యాలన్న వణుకు మాత్రం ఒంట్లోంచి పోలేదు. ఇప్పుడు ఎవరూ చెయ్యమని చెప్పలేదు. ఎవరూ చెప్పకుండానే చేశారు. పైగా దానికి ఇజ్జత్ అని పేరు పెట్టుకున్నారు.

నాయిన ఇంటికి వచ్చి అన్నం తింటూ ఈ సంగతి చెప్పగానే అమ్మ చేతిలో గరిటె ఆగింది.

“ఇల్లు కాలిందని చెప్పనీకె మనిషిని పిలిపిచ్చి, ఆయనొచ్చేలోపల గోడలకు సున్నమేస్తరా?”

నాయిన కంచంలోంచి తల ఎత్తలేదు. “ఆడోళ్ళకేం తెల్సు? సార్ రాకుంటనే వాపస్ పోతే బిర్జి ఎవరిస్తరు, నీ అయ్య ఇస్తడా?”

“రానియ్యుండ్రి. కష్టపడి రానియ్యుండ్రి. నడుము ఇరిగితేనే గదా ఆయనకు ఎర్కయ్యేది!”

నాయిన కంచం పక్కకు నెట్టి లేచిపోయాడు. అమ్మ ఆ కంచంలోని అన్నం తీసి కుక్కకు వేసింది. ఆ ఇంట్లో బుద్ధిగల మాట అదొక్కటే, దానికి పడిన విలువ కూడా అంతే.

పని మొదలైంది. మా దిక్కు భూమిలో ఎక్కడ తవ్వినా బండే. నున్నటి నాపబండలు, పలకల్లా విడిపోతాయి. వాటిని బండ్ల మీద తెచ్చి వాగులో ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా పరిచారు. సున్నం లేదు, పునాది లేదు, ఇసుక మీద బండ పెట్టడమే. పైన మన్ను పోసి దిమ్మిస కొట్టారు. రైతుల ఇళ్ళ నుంచి బండ్లు వచ్చాయి. మోసింది మాత్రం ఎక్కువగా గొల్లవాళ్ళు. దౌరాల కాలంలోనూ మోసింది వాళ్ళే. గొల్లల్లో పెద్దాయన గంప నెత్తికెత్తుకుంటూ నాయినతో అన్నాడు.

“పటేలా, పేరు మారింది గని గంప మారలే.”

“ఇది వెట్టి గాదురా. శ్రమదానం. నీ ఊరికి నువ్వు చేసుకుంటున్నవ్,” అన్నాడు నాయిన.

“చేసుకుంట. నా గొర్లు గూడ దాటాలె గద,” అని ఆయన గంప మోసుకుంటూ పోయాడు. ఆయన మనవరాలు నాతో పాటు ఐదో తరగతి రాసింది. వాళ్ళ ఇంట్లో ముందుకు చదివించే మాటే రాలేదు. ఆ సంగతి అప్పుడు నాకు తోచలేదు, నా ఏడుపు నాకుండె.

ఆఫీసరు వచ్చేరోజు తెల్లవారకముందే ఊరి ఆడవాళ్ళంతా వాగు దాకా సాన్పు చల్లారు. పేడనీళ్ళతో తడిసి బాట పెండ్లి వాకిలిలా ఉంది. వేపమండలు కట్టారు, డప్పులవాళ్ళు నిలబడ్డారు. నా చేతికి హారతి పళ్ళెం ఇచ్చి, పట్టీ కుట్టిన లంగా కట్టి ముందు నిలబెట్టారు. అమ్మ మాత్రం రాలేదు. తలనొప్పి అని పడుకుంది.

జీపు వచ్చింది. వాగులోకి దిగింది, బండల మీద ఎక్కింది, దిగింది, మా ముందు ఆగింది. అందులో కూర్చున్నాయన నెత్తి మీద టోపీ కూడా కదలలేదు. నాయిన ముఖం చూడాలి. పెండ్లికొడుకును దింపుకున్న మామ ముఖంలా వెలిగింది.

ఆఫీసరు చెడ్డమనిషి కాదు. నేను చాలా ఏళ్ళు ఆయన్ని తిట్టుకున్నాను గాని నిజం చెప్పాలంటే చెడ్డమనిషి కాదు. హారతి కళ్ళకద్దుకొని, నా తల మీద చెయ్యి పెట్టి, వెనక్కి తిరిగి వాగును చూశాడు. ఆయన తెలుగు రేడియోలో తెలుగులా ఉండేది.

“రోడ్డు బాగానే ఉందండీ. నేను ఇంకా ఎలా ఉంటుందో అనుకున్నాను.”

అందరూ నవ్వుతున్నారు. రోడ్డు బాగుంటే వంతెన ఎందుకు? వంతెన లేకపోతే నేను? పళ్ళెం చేతిలో ఉండగానే అనేశాను.

“సార్, గీ బండలు మొన్ననే ఏసిన్రు. మీరొస్తున్నరని ఏసిన్రు. వానొస్తే ఒక్కటి ఉండదు సార్. వాగు నిండ పారుతది. మేము దాటనీకె రాదు.”

డప్పు ఆగింది. ఆఫీసరు నన్ను చూసి, నాయిన వైపు తిరిగాడు. ఆ తిరగడంలో కోపం లేదు. అడుగుతున్నాడంతే. “ఏమండీ, పాప చెప్పేది నిజమేనా?”

ఆ క్షణం నా బతుకు మొత్తం నాయిన నోట్లో ఉంది. అవును సార్ అంటే చాలు. ఒక్క మాట. ఆ మాట అడిగించుకోవడానికే ఆయన వికారాబాదు వరండాలో అన్నిసార్లు నిలబడి వచ్చాడు. నేను ఆయన ముఖంలోకి చూస్తున్నాను. ఆయన నన్ను చూడలేదు.

“చిన్న పొల్ల సార్, తెల్వక మాట్లాడ్తది. మా ఊరి బాట ఎప్పుడు గిట్లనే ఉంటది.”

చుట్టూ ఉన్న పెద్దలంతా తలలూపారు. అవునవును, ఎప్పుడూ ఇట్లనే. ఊరంతా కలిసి ఒక్క గొంతుతో, ఆఫీసరుకు మంచిపేరు చెప్పడానికి, తమ కొంప తామే కూల్చుకున్నారు. దౌరా చేసే దొర అడిగితే బాట బాగుందనే చెప్పాలి, నిన్నటిదాకా బాగా లేదంటే నిన్న ఎందుకు బాగా లేదని కొరడా పడుతుంది. అది వాళ్ళు అప్పుడు నేర్చిన పాఠం. ఢిల్లీ నుంచి పైసలు ఇస్తామని వచ్చినవాడికి కూడా అదే పాఠం అప్పజెప్పారు. మా అత్త ఒకామె వెనక నుంచి నా జబ్బ పట్టి ఆడవాళ్ళ గుంపులోకి లాక్కుపోయింది. గిల్లింది కూడా. ఆ గిల్లుడు నొప్పి నాకు గుర్తులేదు. నాయిన నా వంక చూడకపోవడం గుర్తుంది.

గొల్లలు ఇచ్చిన గొర్రెపిల్లను కోశారు. ఆఫీసరు మా ఇంటి ముందు చాప మీద కూర్చొని తృప్తిగా తిన్నాడు. ఇంత మర్యాద ఎక్కడా చూడలేదన్నాడు. చూడడు మరి, ఎక్కడ చూస్తాడు. జొన్నరొట్టెలు మూట కట్టించుకొని జీపెక్కి, అదే బండల మీద హాయిగా వెళ్ళిపోయాడు.

వానలకు ముందే గ్రామసేవక్ వచ్చి చెప్పాడు. మోటారు నడిచే బాట ఉంది కాబట్టి ఇప్పట్లో వంతెన అవసరం లేదని రాశారట. పైసలు ఇంకో ఊరికి ఇచ్చారట. ఏ ఊరికి అని ఎవరో అడిగారు. జీపు ఇరుసు విరిగిన ఊరికే. అక్కడ ఆయన నడుచుకుంటూ పోయినంత దూరమూ కోపంగా పోయి, ఆ కోపంతోనే ఆ బాట ఎంత అన్యాయంగా ఉందో రాసి పారేశాడట. ఆ ఊరివాళ్ళు బద్ధకస్తులని మా దిక్కు పేరు. బద్ధకం వాళ్ళను ఒడ్డున పడేసింది. అమ్మ ఈ సంగతి విని నవ్వింది. అమ్మ అట్లా నవ్వడం నేను అంతకుముందు వినలేదు, నవ్వుతూనే చీరకొంగుతో కళ్ళు తుడుచుకుంది.

మొదటి పెద్దవానకే బండలు పోయాయి. పొద్దున లేచి చూస్తే వాగు నిండా నీళ్ళే. నీళ్ళు తీశాక కొన్ని బండలు కింద ఎక్కడో మడుగులో నిలువుగా గుచ్చుకొని కనపడ్డాయి. ఊరివాళ్ళు వాటిని ఏరి తెచ్చి పశువుల కొట్టాల్లో పరుచుకున్నారు.

బళ్ళు తెరిచారు. పంతులు మళ్ళీ వచ్చాడు. నేను తలుపు వెనకే ఉన్నాను.

“పటేలా, జర ఆలోచించు. వానకాలం నాలుగు రోజులు పోతే పోతయి. మిగతా దినాలు పోతది గద పిల్ల.”

“బిర్జి పడనీ పంతులూ. నేనిచ్చిన మాటైతే తప్పను.”

మాట తప్పలేదు. అదీ మా నాయిన. వంతెన పడకుండా తనే చేసి, వంతెన పడనీ అని నిలబడ్డాడు, పైగా మాట మీద నిలబడ్డ మనిషినని ఛాతీ విరుచుకున్నాడు. పంతులు మెట్ల మీదే, “నీ మాటను వాగుల కలుపు,” అని పోయాడు. అంతటి మాట అంతకుముందు నాయినను ఎవరూ అనలేదు, అన్నా మా నాయినకు ఏమీ కాలేదు. నేను మాత్రం ఆ ఏడంతా ఆయనకు నీళ్ళచెంబు చేతికివ్వలేదు. కింద పెట్టి వచ్చేదాన్ని. అమ్మ చూసి తన పని తను చేసుకునేది.

తర్వాత పెండ్లి చేశారు. కొడంగల్ దిక్కు ఒక ఇంటికి వెళ్ళాను. మంచి ఇల్లే, తిండికీ బట్టకూ కొదువ లేదు. ఇంట్లో మరిది కాలేజీ పుస్తకాలు ఉండేవి. రాత్రి పనులయ్యాక వాటిని తీసి చూసేదాన్ని. ఇంగ్లీషు పుటలు వచ్చినప్పుడు మూసేసేదాన్ని. ఎవరి మీద కోపం అని అత్తగారు అడిగితే వాగు మీద అని చెప్పేదాన్ని.

అరవైల్లో ఒక ఏడు అమ్మగారింటి నుంచి కబురు వచ్చింది, వంతెన అయిపోయింది, రమ్మని. మా దరఖాస్తు వల్ల వచ్చింది కాదు అది. వాగుకు ఇవతల బండల గనులు తెరిచారు. లారీలు తాండూరు రైల్వే గూడ్సుషెడ్డుకు పోవాలి. లారీ ఆగితే పట్నంలో ఎవరికో నష్టం. పిల్ల చదువు ఆగితే ఎవరికీ నష్టం లేదు. అందుకని లారీలకు వంతెన వచ్చింది.

వెళ్ళాను. వంతెన మొదట్లో నున్నటి నాపబండ ఒకటి నిలబెట్టి దాని మీద అక్షరాలు చెక్కారు, సున్నం కొట్టి నల్లరంగు నింపారు. నాయిన ముసలివాడయ్యాడు. నన్ను చూడగానే లేచి వచ్చి, చెయ్యి పట్టుకొని ఆ బండ దగ్గరికి తీసుకుపోయాడు. ఆయనకు తెలుగు అక్షరాలు రావు, చేతనైందల్లా ఉర్దూలో ఒక సంతకం.

“సదువు బిడ్డా. నా పేరు గూడ రాసిన్రట. ఏడుంది?”

బిడ్డా అన్నాడు. ఆనాడు చిన్న పొల్ల అన్నందుకు ఎంత కోపం దాచుకున్నానో ఆయనకు తెలియదు. వేలు పెట్టి చూపిస్తూ ఒక్కొక్క అక్షరమే చదివాను. కేంద్ర ప్రభుత్వ నిధులతో, గ్రామ ప్రజల శ్రమదానంతో నిర్మించిన వంతెన. కింద సహకరించిన పెద్దలు. అందులో అందరికంటే పైన ఆయన పేరు. ఆయన దాన్ని వేలితో తడిమి, అరచేతిని దాని మీదే ఉంచుకొని, “తప్పు లేకుంట సదివినవ్ బిడ్డా,” అన్నాడు.

అంతవరకు చదవడానికి ఐదో తరగతి చాలు.